కోటయ్య గుడ్లగూబ తల తీసిన రోజు

గుడ్లగూబ ఇంటి మీద వాలితే మనవాళ్ళు శాంతి చేయిస్తారు. గుడ్లగూబ ఉద్యోగం వచ్చిందని వీధిలో మైసూర్‌పాక్ పంచిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను నేను. ఆయనే మా కోటయ్య.

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో, టీచరుగా రిటైరై నేనుంటున్న మా అమ్మాయి హైమ వాళ్ళింటికీ, కోటయ్య వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ కుక్కర్ కూత నాకు వినిపిస్తుంది, నా దగ్గు వాళ్ళకి వినిపిస్తుంది. ఆయనకి నలభై నాలుగేళ్ళు. తెనాలి వైపు మనిషి. భార్య గిరిజ ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం మీదే మూడేళ్ళ క్రితం ఇద్దరూ వచ్చారు. గిరిజకి పగలు డ్యూటీ. కోటయ్యకి గోడౌన్‌లో పార్సిళ్ళు కట్టే పని, అదీ రాత్రి షిఫ్టు. ఆమె బూట్లు తొడుక్కునే వేళకి ఆయన బూట్లు విప్పుకుంటూ ఉండేవాడు.

"మా కాపురమంతా గుమ్మంలోనే ఆంటీ" అని గిరిజ ఒకసారి నవ్వుతూ అంది. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు.

ఈ దేశంలో ప్రతిదానికీ ఒక బొమ్మమనిషి ఉంటాడు. ఫుట్‌బాల్ జట్టుకి ఒకడు, బిస్కెట్ల కంపెనీకి ఒకడు. మనిషి లోపల దూరి చేతులూపే పెద్ద బొమ్మ అన్నమాట. మాస్కట్ అంటారు. ఊరికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో పిల్లల కోసం పెట్టిన ఫార్మ్ ఒకటి ఉంది. మేకలు, గొర్రెపిల్లలు, ట్రాక్టర్ మీద షికారు, ఒక టీ రూమ్. దాని మాస్కట్ తెల్లటి గుడ్లగూబ. పేరు బార్లీ. కిందటేడు జూన్‌లో గిరిజకి సెలవు దొరికిన ఒక ఆదివారం ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. కోటయ్య మేకల్ని చూడలేదు, టీ తాగలేదు, రెండు గంటలసేపు ఆ గుడ్లగూబనే చూశాడట. చివరికి ఉండబట్టలేక మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాడు.

"మేడమ్, యువర్ ఔల్ ఈజ్ వాకింగ్ లైక్ చికెన్."

గిరిజ సిగ్గుతో చచ్చిపోయింది. "పదండి, పదండి" అని చొక్కా పట్టుకుని లాగింది. ఆ మేనేజరమ్మ పేరు సూజన్. కోటయ్య నోట్లో పడి సుజనమ్మ అయింది. ఆవిడ కోప్పడలేదు. "అయితే గుడ్లగూబ ఎలా నడుస్తుందో నువ్వు చూపించు" అంది. కోటయ్య అక్కడే, టీ రూమ్ ముందు, మామూలు ప్యాంటూ చొక్కాలోనే మెడ భుజాల్లోకి ముడిచి, నడుం కదలకుండా తల ఒక్కటే మెల్లగా తిప్పి చూశాడు. పక్క బెంచీ మీద శాండ్‌విచ్ తింటున్న పెద్దాయన శాండ్‌విచ్ దాచుకున్నాడట. ఇది గిరిజ చెప్పిన మాట. కొంచెం కలిపి ఉంటుంది, నాకు తెలుసు, అయినా నాకు నచ్చింది కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఆ విద్య ఊరికే రాలేదు. కోటయ్య నాన్న, తాత, వాళ్ళ నాన్న అందరూ పగటివేషగాళ్ళు. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. వాళ్ళు ఒక ఊళ్ళో పదిరోజులు మకాం పెట్టేవారు. రోజుకో వేషం. ఒకరోజు శెట్టిగారు, ఒకరోజు హెడ్డు కానిస్టేబుల్, ఒకరోజు సగం శివుడూ సగం పార్వతీ. స్టేజీ లేదు, తెర లేదు, పట్టపగలు మన గుమ్మం ముందే నాటకం. కోటయ్య పదిహేనేళ్ళు వచ్చేదాకా తండ్రి వెంట తిరిగాడు. తరవాత చూసేవాళ్ళు కరువై, గుంటూరులో బట్టలకొట్టు గుమస్తా అయ్యాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత మళ్ళీ వేషం కట్టే అవకాశం వస్తే మైసూర్‌పాక్ పంచడా మరి?

సుజనమ్మ పెట్టిన షరతు ఇది. బడి సెలవులు ఆరు వారాలూ చేసి చూపించాలి. బాగుంటే ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం ఇస్తుంది, అంతా పగటి పనే. ఆగస్టు చివరి సోమవారం సెలవు ముగిశాక చెబుతుంది. గోడౌన్‌లో సెలవు పెట్టి కోటయ్య చేరిపోయాడు. ఆ ఉద్యోగం వస్తే మొగుడూ పెళ్ళాం ఒకే పొద్దున లేచి ఒకే పొయ్యి మీద కాఫీ పెట్టుకోవచ్చు. వాళ్ళకి కావలసింది అంతే.

నియమాల కాగితం ఒకటి ఇచ్చారు. గిరిజ వంటింట్లో పెద్దగా చదివింది. మాట్లాడకూడదు. పిల్లల్ని ఎత్తుకోకూడదు. ఇరవై నిమిషాలు వేషం, ఇరవై నిమిషాలు విశ్రాంతి. పక్కన దారి చూపే మనిషి లేకుండా అడుగు వేయకూడదు, ఎందుకంటే గుడ్లగూబ ముక్కు సందులోంచి తప్ప ఏమీ కనిపించదు. పిల్లల ముందు తల తీయకూడదు.

"ఇవి నాకు చెప్పాలంటే?" అన్నాడు కోటయ్య. "మా నాన్న వేషంలో ఉండగా మా అమ్మ ఎదురొచ్చినా పలికేవాడు కాదు. నడుమ రోజుల్లో ముఖం చూపిస్తే నాలిక కోసుకున్నట్టే."

ఆ "నడుమ రోజుల్లో" అన్న మాట మేమెవ్వరం పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథే లేదు.

దారి చూపే మనిషి డెరెక్. బస్సు డ్రైవర్‌గా రిటైరైన పెద్దాయన. ఎడమకి తిరగాలంటే గుడ్లగూబ ఎడమ రెక్క మీద ఒకసారి తడతాడు, మెట్లుంటే రెండుసార్లు. కోటయ్య ఆయన్ని గురువుగారూ అని పిలిచేవాడు. ఆయన అది తన పేరుకి తెలుగు అనుకుని తలూపేవాడు.

ఆ ఆరు వారాల్లో బార్లీ పేరు మోగిపోయింది. బార్లీని చూడటానికే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు తయారయ్యారు. ఒక్క పాప మాత్రం దగ్గరికి వచ్చేది కాదు. పేరు ఈడిత్, ఐదేళ్ళు. అమ్మమ్మ మార్గరెట్‌తో వారానికి రెండుసార్లు వచ్చి, బార్లీ కనబడగానే మేకల దొడ్డి వెనక్కి పరుగెత్తేది. మిగతా అందరూ "భయం లేదమ్మా, రా రా" అని లాగేవారు. కోటయ్య లాగలేదు. వాళ్ళ నాన్న నేర్పిన సూత్రం ఒకటుంది: పారిపోయే పిల్లని తరమకు, నువ్వే పారిపో. ఈడిత్ దాక్కుంటే బార్లీ కూడా గజగజ వణికి పీపా వెనక దాక్కునేవాడు. ఆ పిల్ల తొంగిచూస్తే వీడూ తొంగిచూసేవాడు. మూడో వారానికి మేకల దొడ్డి నుంచి నీళ్ళ కుళాయి దాకా వచ్చింది. ఐదో వారానికి బెంచీ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఇంకో పది అడుగులు ఉండిపోయాయి.

"సెలవులు అయిపోయేలోపు ఆ పది అడుగులూ వస్తుందా టీచర్ గారూ?" అని నన్ను అడిగేవాడు, నేనేదో పంచాంగం చూసి చెబుతానన్నట్టు.

చివరి సోమవారం వచ్చింది. గిరిజకి ఆ రోజు ఖాళీ. నన్నూ తీసుకెళ్ళింది. ఆ జనాన్ని మీరు చూడాలి! రెండు వందల మంది పిల్లలు, అందరి చేతుల్లో ఐస్‌క్రీమ్, సగం ఐస్‌క్రీమ్ నేల మీద. మూడింటికి బార్లీ చివరి ఊరేగింపు. చివర్లో గడ్డి మోపుల మీద ఎక్కి చేతులూపి వెళ్ళిపోవాలి. కోటయ్య ఎక్కాడు. రెక్కలూపాడు. పిల్లలు అరిచారు. సుజనమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. గిరిజ నా చెయ్యి నొక్కి, "ఆంటీ, వచ్చినట్టే" అంది.

అప్పుడు బార్లీ రెండు రెక్కలతో తన తల పట్టుకుని, పైకెత్తి, తీసి, కాళ్ళ దగ్గర పెట్టాడు.

కింద గుడ్లగూబ. పైన చెమటతో జుట్టు అతుక్కుపోయిన మా కోటయ్య. రెండు రెక్కలు జోడించి నాలుగు దిక్కులకీ దండం పెట్టాడు. ఇంట్లో అద్దం ముందు వల్లెవేసుకున్న ఇంగ్లీషు అప్పజెప్పాడు.

"ఐ యామ్ కోటయ్య. సిక్స్ వీక్స్, ఐ యామ్ యువర్ ఔల్. ఎనీ మిస్టేక్, ప్లీజ్ ఎక్స్‌క్యూజ్."

ఒక్క క్షణం మేకలు కూడా అరవలేదు. తరవాత ముందు వరసలో ఒక బుడతడు "బార్లీ తల ఊడిపోయింది!" అని ఇంగ్లీషులో గావుకేక పెట్టాడు. అంతే, ఏడుపులు అంటుకున్నాయి. ఒకడి తరవాత ఒకడు. నేనున్నానే, నలభై మంది ఒకటో తరగతి పిల్లల్ని మొదటిరోజు చూసినదాన్ని, నాకే ముందు ఎవర్ని ఊరుకోబెట్టాలో తోచలేదు. డెరెక్ గబగబా గడ్డి మోపు ఎక్కి తన కోటు తీసి కోటయ్య తల మీద కప్పేశాడు, పోలీసులు దొంగకి ముసుగేసినట్టు. కోటయ్య ఆ కోటు కింద నుంచి "ఏమైంది గురువుగారూ?" అంటున్నాడు.

ఈ గందరగోళంలో నేను ఒకటి చూశాను. బెంచీ దగ్గర నుంచి ఈడిత్ నడిచి వచ్చింది. ఏడుస్తున్న పిల్లల మధ్య నుంచి, ఎవరినీ తోసుకోకుండా, ఆ పది అడుగులూ వచ్చింది. గడ్డి మోపు మీద ఉన్న తల వైపు చూసింది. మోపు ఎక్కి, కోటు పక్కకి లాగి కోటయ్య ముఖం చూసింది.

"నువ్వు మొదట్నించీ లోపలే ఉన్నావా?" అని అడిగింది.

"ఎస్" అన్నాడు కోటయ్య.

"ఉక్కగా ఉంటుందా?"

"వెరీ వెరీ."

ఆ పిల్ల రెక్క మీద చెయ్యి పెట్టి, ఈకలు ఒకసారి కిందికి దువ్వింది. అంతలో సుజనమ్మ వచ్చింది. కేకలు వేయలేదు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది. "ఇంటికి వెళ్ళు కోటయ్యా. తరవాత ఫోన్ చేస్తాను" అని మాత్రం అంది.

బస్సులో గిరిజ మొదలుపెట్టింది.

"కాగితం మీద ఉంది కదండీ, తల తీయొద్దని! నేనే కదా చదివి వినిపించాను!"

"అది మామూలు రోజులకి అనుకున్నానే. చివరి రోజు ఉత్త ముఖంతో వచ్చి, ఇన్నాళ్ళూ మీ గుమ్మంలో ఉన్నది నేను అని చెప్పుకోవాలి కదా. తప్పులుంటే మన్నించమని అడగాలి కదా. అలా చెప్పకుండా వెళ్ళిపోతే ఊరిని మోసం చేసినట్టని మా నాన్న..."

"మీ నాన్నగారికి సుజనమ్మ తెలుసా? ఈ పిల్లలు తెలుసా? వాళ్ళు లోపల మనిషి ఉన్నాడనే అనుకోరు, నిజంగా గుడ్లగూబే అనుకుంటారు!"

"ఊళ్ళో అందరికీ తెలుసు కదే, వేషమని. తెలిసే చూసేవాళ్ళు. ఇక్కడ తెలియదని నాకేం తెలుసు?"

గిరిజ కిటికీ వైపు తిరిగింది. "మూడేళ్ళయింది" అని మాత్రం అంది. ఎవరితో అందో, ఏం మూడేళ్ళో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

మంగళవారం ఫోన్ రాలేదు. బుధ, గురు రాలేదు. కోటయ్య మళ్ళీ రాత్రుళ్ళు గోడౌన్‌కి పోతున్నాడు. గోడకి చెవి పెట్టకపోయినా నాకు తెలిసిపోతోంది, ఇంట్లో మాటలు తగ్గాయి. శుక్రవారం గిరిజ, "క్షమించమని ఉత్తరం రాద్దాం, ఇంగ్లీషు నేను సరిచేస్తాను" అంది. కోటయ్య ఒప్పుకోలేదు.

"పిల్లలు ఏడ్చినందుకు క్షమాపణ చెబుతాను. ముఖం చూపించినందుకు ఎలా చెప్పను?"

"రెండూ ఒకటే కదండీ!"

"కాదు గిరిజా. నేనే వెళ్ళి చెబుతాను."

శనివారం పొద్దున, షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా బస్సెక్కి వెళ్ళాడు. అక్కడ జరిగింది తరవాత మా ఇంట్లో, ఉప్మా తింటూ పూసగుచ్చినట్టు చెప్పాడు. సుజనమ్మ బల్ల మీద పద్నాలుగు ఫిర్యాదులు. పిల్లలు నిద్రలో ఏడుస్తున్నారని ఒకరు, సెలవంతా పాడైందని ఒకరు. ఆవిడ అన్నీ చదివి వినిపించింది. కోటయ్య నిలబడే విన్నాడు. అన్నిటికీ "సారీ మేడమ్" అన్నాడు. పదిహేనో కాగితం మార్గరెట్‌ది. ఈడిత్‌కి బార్లీ అంటే భయం తగ్గిందనీ, రోజూ ఒకటే అడుగుతోందనీ రాసింది. ఆయన అందులోకి ఎలా దూరతాడు? నేను చూడొచ్చా?

"దీన్నేం చేయను చెప్పు?" అంది సుజనమ్మ. "పద్నాలుగు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు."

కోటయ్య కిటికీలోంచి మేకల్ని చూస్తూ ఆలోచించాడట. వాళ్ళ నాన్న రంగు పూసుకునేది ఊళ్ళో ఎవరో ఒకరి అరుగు మీదే. చుట్టూ పిల్లలు. అద్దం ఒకడు పట్టుకునేవాడు, జడ ఒకతె అందించేది. ఆ పిల్లలెవ్వరూ తరవాత వీధిలో వేషం చూసి జడుసుకునేవారు కాదు. భయపడిందంతా అరుగు దగ్గర లేనివాళ్ళే.

"సుజనమ్మా, తల తీయటం తప్పే. ఒప్పుకుంటున్నాను. తల పెట్టుకోవటం చూపిస్తే?"

ఆవిడకి మొదట అర్థం కాలేదు. కోటయ్య చేతులతో చేసి చూపించాడు. భయపడే పిల్లలు ఎందరో ఉంటారు. వాళ్ళని గేటు తీయకముందే పిలవండి. వాళ్ళ ముందే నేను కాళ్ళు తొడుక్కుంటాను, పొట్ట తొడుక్కుంటాను, రెక్కలు తొడుక్కుంటాను. చివరికి తల. ఎవరికి ఇష్టమైతే వాళ్ళే రమ్మనండి. బార్లీ నిజమని నమ్మే పిల్లలు ఎలాగూ ఆ టైముకి రారు, వాళ్ళ బార్లీ వాళ్ళకి ఉంటాడు.

సుజనమ్మ చాలాసేపు పెన్ను కొరికింది. "మూడు శనివారాలు" అంది. "ఒక్క పిల్ల ఏడ్చినా ఆపేస్తాను. మూడూ సరిగ్గా జరిగితే అప్పుడు ఉద్యోగం సంగతి మాట్లాడదాం."

మొదటి శనివారం నలుగురు పిల్లలు వచ్చారు. అందులో ఒక పిల్లాడు ఒక్క మాటా మాట్లాడడు. చప్పుళ్ళు పడవని చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. వాడు గుడ్లగూబ కాళ్ళ గోళ్ళని ఒక్కొక్కటే లెక్కపెట్టి వెళ్ళిపోయాడు. ఈడిత్ రెక్కల దాకా చూసి, తల తెచ్చేసరికి అమ్మమ్మ వెనక్కి వెళ్ళింది. కోటయ్య ఆ రోజు తల పెట్టుకోలేదు. పక్కన పెట్టేసి, తలలేని గుడ్లగూబగానే అరగంట కూర్చున్నాడు. రెండో శనివారం తొమ్మిది మంది. ఈడిత్ తల లోపలికి తొంగిచూసింది. "వాసనేస్తోంది" అంది. "ఎస్, మై వాసన" అన్నాడు కోటయ్య. ఆ రోజూ తల పెట్టుకోలేదు. సుజనమ్మ గడియారం చూసుకుంది.

"మీరు తల పెట్టుకోకపోతే ఆవిడ ఏం చూసి ఉద్యోగమిస్తుందండీ?" అంది గిరిజ ఆ సాయంత్రం.

"ఆ పిల్ల పెట్టుకోమంటేనే పెట్టుకుంటా."

"అనకపోతే?"

"అనకపోతే పార్సిళ్ళు కట్టుకుంటా."

గిరిజ నా వైపు చూసి, "చూశారా ఆంటీ, ఈ మొండితనం" అంది. కానీ మూడో శనివారానికి డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చింది. నేనూ వెళ్ళాను. నేను వెళ్ళకుండా ఉంటానా?

చల్లటి పొద్దు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. పదకొండు మంది పిల్లలు అరవకుండా అర్ధచంద్రంలా కూర్చున్నారు. హెడ్‌ఫోన్ల పిల్లాడు కాళ్ళు అందించాడు. ఇంకొకతె పొట్ట వెనక జిప్పు లాగింది. రెక్కలు డెరెక్ తొడిగాడు. తల కోటయ్య ఒళ్ళో ఉంది. ఆయన దాన్ని ఎత్తలేదు. ఈడిత్ వైపు చూశాడు, అంతే. ఒక నిమిషం. ఇంకో నిమిషం. గిరిజ ఊపిరి నాకు వినిపిస్తోంది. సుజనమ్మ టీ రూమ్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

ఈడిత్ లేచింది. తల తీసుకుంది. దాని బరువుకి తూలింది, డెరెక్ పట్టుకోబోతే "వద్దు" అంది.

"వంగు" అంది కోటయ్యతో.

వంగాడు. ఆ పిల్ల తల పెట్టింది. వంకరగా పెట్టింది. ముక్కు చెవి దగ్గరికి వచ్చింది. వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి రెండు చేతులతో తిప్పి సరిచేసింది.

"ఇప్పుడు నువ్వు బార్లీవి. లే."

బార్లీ లేచాడు. మెడ భుజాల్లోకి ముడిచి, నడుం కదలకుండా తల ఒక్కటే తిప్పి పదకొండు మందినీ చూశాడు. ఒక్కరూ ఏడవలేదు. ఈడిత్ రెక్క పట్టుకుని, "మేకల దగ్గరికి వెళ్దాం, నేను చూపిస్తాను" అంది. దారి చూపే పని పోయిందని డెరెక్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

సుజనమ్మ మా దగ్గరికి వచ్చింది. గిరిజతో ఇంగ్లీషులో చకచకా ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది గానీ, గిరిజ రెండు చేతులతో నోరు మూసుకున్నప్పుడు మిగతా సగమూ అర్థమైపోయింది. గిరిజ నర్సు కదా, వార్డులో గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు ఫార్మ్ మొత్తం వినేలా తెలుగులో అరిచింది.

"ఏమండీ! సోమవారం నుంచి పర్మనెంటంట! గోడౌన్‌కి ఫోన్ చేసి చెప్పేస్తున్నా!"

మేకల దొడ్డి దగ్గర గుడ్లగూబ ఠక్కున ఆగిపోయింది. గుడ్లగూబ మాట్లాడకూడదు. జవాబు చెప్పడానికి వీల్లేదు. ఈడిత్ తలెత్తి, "ఆవిడ ఏమంటోంది?" అని అడిగింది. బార్లీ ఒక కాలు ఎత్తాడు, రెండో కాలు ఎత్తాడు. రెక్కలు రెండూ గాల్లోకి లేచాయి. ఈడిత్‌కి ఏం అర్థమైందో గానీ, తనూ రెండు చేతులెత్తి అలాగే గెంతడం మొదలుపెట్టింది.